పైరేట్ గేమ్స్‌లో ఫైట్ ఎలా పుట్టింది? ఒక గేమ్ నుంచి ఇంకో గేమ్‌కి చేరిన ఐడియాలు

సముద్రపు దొంగల గేమ్ అనగానే ఫిరంగులు, కత్తులు, నల్ల జెండా గుర్తొస్తాయి. కానీ ఈ గేమ్స్‌ని విడుదలైన వరసలో ఆడి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. మంచి పైరేట్ గేమ్‌లో ఫైట్ ఒక్కటి కాదు, మూడు ఉంటాయి. ముందు ఓడలు కొట్టుకుంటాయి, తర్వాత మనం ఎదుటి ఓడ మీదికి దూకుతాం, చివర్లో కత్తి దూస్తాం. మొదటి ఫైట్‌లో ఏం చేశామన్నదాన్ని బట్టి మూడో ఫైట్‌లో మన పరిస్థితి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక ఫంక్షన్ అవుట్‌పుట్ తర్వాతి ఫంక్షన్‌కి ఇన్‌పుట్ అన్నమాట.

ఈ లింక్ ఎక్కడ మొదలైంది, ఎవరు ఎలా మార్చారు, ఎక్కడ తెగిపోయింది అనేది ఈ ఆర్టికల్‌లో చూద్దాం. వేలు పోసి కొత్త గేమ్ కొనే ముందు ఇది తెలుసుకుంటే డబ్బులు కూడా మిగులుతాయి.

1987: 64 కేబీలో మొత్తం ఫార్ములా

మైక్రోప్రోస్ కంపెనీ 1987లో కమొడోర్ 64 కంప్యూటర్ కోసం సిడ్ మైయర్స్ పైరేట్స్! తెచ్చింది. ఆ మెషీన్‌లో ఉన్న మెమరీ 64 కేబీ మాత్రమే. ఇప్పుడు మీ చేతిలో ఉన్న 8 జీబీ ర్యామ్ ఫోన్ దానికి 1,31,072 రెట్లు.

ఆ కాస్త మెమరీలోనే మూడు ఫైట్లూ కుదిర్చారు. సముద్రం మీద గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఓడ తిప్పాలి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు ఎదురుగాలికి స్కూటీ నడిపితే ఎంత ఈడ్చుకుంటూ పోతుందో తెలుసు కదా, ఇక్కడా అంతే. చిన్న ఓడ ఎదురుగాలికి కూడా బాగానే వెళ్తుంది, పెద్ద ఓడ వెళ్లలేదు. అందుకే తక్కువ ఫిరంగులున్నవాడు కూడా తెలివిగా తిప్పితే గెలుస్తాడు.

ఫిరంగి దెబ్బలకి ఎదుటి ఓడలో మనుషులు తగ్గుతారు. తర్వాత ఓడలు ఆనుకున్నప్పుడు ఇద్దరు కెప్టెన్లూ కత్తులు దూస్తారు, వెనకాల సిబ్బంది కొట్టుకుంటూ ఉంటారు. ముందే వాళ్ల మనుషుల్ని తగ్గించి ఉంటే మీ పని సులువు. కత్తుల్లో కూడా ఎంపిక ఉంది: రేపియర్ పొడుగు కానీ దెబ్బ తక్కువ, కట్లాస్ పొట్టి కానీ దెబ్బ గట్టిది, లాంగ్‌స్వోర్డ్ ఈ రెంటికీ మధ్యలో.

2004లో ఫిరాక్సిస్ చేసిన రీమేక్‌లో మూడు రకాల గుండ్లు వచ్చాయి. మామూలు గుండు ఓడని పగలగొడుతుంది. గొలుసు గుండు తెరచాపల్ని చింపుతుంది. చిన్న గుండ్ల గుత్తి మనుషుల్ని కొడుతుంది. ఓడని కాపాడుకుని కొట్టేయాలా, పారిపోకుండా ఆపాలా, సిబ్బందిని తగ్గించాలా అనేది మనమే తేల్చుకోవాలి.

ఇదంతా గేమ్ వాళ్ల ఊహ కాదు. కదలలేని ఓడకి ఎంత ఇబ్బందో మన తీరం కూడా చూసింది. 1804 సెప్టెంబర్ 15న విశాఖపట్నం దగ్గర లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద, రెండు వ్యాపార నౌకల మీద, లినోయి నడిపిన మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు దాడి చేశాయి. సెంచూరియన్ లొంగలేదు, కానీ వ్యాపార నౌకల్లో ఒకటి ఫ్రెంచి వాళ్లకి చిక్కింది, ఇంకోటి ఒడ్డెక్కింది.

1990: కత్తి బదులు మాట

మూడేళ్ల తర్వాత లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ నుంచి ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్ వచ్చింది. ఇది అడ్వెంచర్ గేమ్, గబగబా బటన్లు నొక్కే గేమ్ కాదు. అలాంటిదానిలో కత్తి ఫైట్ ఎలా పెట్టాలి? పాత హాలీవుడ్ పైరేట్ సినిమాల్లో హీరో, విలన్ కొట్టుకునేదానికన్నా ఒకరినొకరు ఎత్తిపొడుచుకునేదే ఎక్కువ అని రాన్ గిల్బర్ట్ గమనించాడు. మన సినిమాల్లో పంచ్ డైలాగ్ పడ్డాకే దెబ్బ పడుతుంది కదా, అచ్చం అలాగే.

ఎదుటివాడు ఒక తిట్టు విసురుతాడు. దానికి సరిపోయే జవాబు ఇస్తే మీ కత్తి ముందుకెళ్తుంది, తప్పు జవాబిస్తే వెనక్కి. కొత్త తిట్లు, జవాబులు కావాలంటే దీవిలో తిరిగే పైరేట్స్‌తో తలపడి, ఓడిపోతూ నేర్చుకోవాలి. చివర్లో స్వోర్డ్ మాస్టర్ దగ్గరికి వెళ్తే ఆమె తిట్లన్నీ కొత్తవే. కానీ మీరు నేర్చుకున్న పాత జవాబులే వాటికి వేరే అర్థంలో సరిపోతాయి. బట్టీ పట్టినవాడు ఇరుక్కుంటాడు, అర్థం చేసుకున్నవాడు గెలుస్తాడు. ముందు ఫైట్లు ఆఖరి ఫైట్‌కి తయారుచేయడం ఇక్కడా ఉంది, కాకపోతే ఓడ బదులు మన బుర్ర.

1997, 2000: రెండు దారులు కలిశాయి

1997లో వచ్చిన ద కర్స్ ఆఫ్ మంకీ ఐలాండ్‌లో ఈ రెండు ఐడియాలూ ఒకేచోట కనిపిస్తాయి. ముందు ఫిరంగులతో ఓడల ఫైట్, గెలిస్తే ఎదుటి ఓడ మీద తిట్ల కత్తి ఫైట్. ఈసారి జవాబు ప్రాసలో ఉండాలి. గెలిచాక దొరికిన సొత్తుతో పెద్ద ఫిరంగులు కొనుక్కుని ఇంకా పెద్ద ఓడ మీదికి వెళ్లాలి. అంటే 1987 నాటి చక్రమే, మధ్యలో కామెడీ చేరింది.

రష్యాకి చెందిన అకెల్లా 2000లో సీ డాగ్స్ చేసింది. ఓడ నడపడం, గుండు రకం మార్చడం, ఎదుటి ఓడ ఎక్కడం, కత్తి ఫైట్, అన్నీ త్రీడీలో.

2013: లోడింగ్ స్క్రీన్ పోయింది

యూబీసాఫ్ట్ 2012లో అసాసిన్స్ క్రీడ్ 3లో ఓడ ఫైట్లు పెట్టింది. జనానికి అవి బాగా నచ్చాయి. మరుసటి ఏడాది అసాసిన్స్ క్రీడ్ 4: బ్లాక్ ఫ్లాగ్ మొత్తాన్ని ఓడ చుట్టూనే కట్టారు.

ఇక్కడ పెద్ద మార్పు కంట్రోల్స్‌లో ఉంది. ఆయుధాన్ని మెనూలో వెతకక్కర్లేదు. ముందుకి చూస్తే గొలుసు గుండ్లు, పక్కకి చూస్తే పెద్ద ఫిరంగులు, వెనక్కి చూస్తే నిప్పు పీపాలు. పాత గేమ్‌లోని గుండు ఎంపికే కెమెరా దిశగా మారింది. ఎదుటి ఓడ చితికిపోయాక చుక్కాని వదిలి, తాడు పట్టుకుని అటు ఊగి దూకేయొచ్చు. మధ్యలో లోడింగ్ లేదు. అక్కడ ఇంతమందిని కొట్టాలి, కొన్నిసార్లు జెండా కోయాలి, మందుగుండు పేల్చాలి. గెలిస్తే ఆ ఓడతో మన ఓడ బాగుచేసుకోవచ్చు, లేదా మన దండులో కలుపుకోవచ్చు. మూడో ఫైట్ ఫలితం మళ్లీ మొదటి ఫైట్‌కి ఉపయోగపడుతుందన్నమాట.

2018: మీటర్ల బదులు మనుషులు

రేర్ స్టూడియో చేసిన సీ ఆఫ్ థీవ్స్‌లో పద్ధతి మారింది. ఓడ హెల్త్‌కి ప్రత్యేకంగా మీటర్ ఉండదు. ఓడకి చిల్లు పడితే నీళ్లు వస్తాయి. చెక్క కొట్టి మూయాలి, బకెట్‌తో తోడిపోయాలి. మేడ్చల్‌లో ఒక రూమ్‌లో ఇద్దరం, శామీర్‌పేట నుంచి ఆన్‌లైన్‌లో ఇద్దరు, నలుగురం కలిసి పెద్ద ఓడ తీసుకుంటాం. చుక్కాని పట్టినవాడికి తెరచాపలు అడ్డమొచ్చి ముందు ఏముందో కనపడదు. ఒకడు పైనుంచి చెప్పాలి. "అరేయ్, నీళ్లొస్తున్నయ్ రా, ఫిరంగి వదిలెయ్, ఫస్ట్ చెక్క కొట్టు!" అని అరుపులు మొదలవుతాయి. ఆ టైమ్‌లో ఫిరంగిలో కూర్చుని మనల్ని మనమే ఎదుటి ఓడ మీదికి పేల్చుకోవచ్చు కూడా. కానీ ఒకడు వెళ్తే ఇక్కడ నీళ్లు తోడే చెయ్యి ఒకటి తగ్గుతుంది. లింక్ అదే, లెక్క పెట్టేది మాత్రం మనుషుల్లో. 2023లో ఇదే గేమ్‌లోకి మంకీ ఐలాండ్ కథ కూడా వచ్చింది.

2024: లింక్ తెగిన చోటు

బ్లాక్ ఫ్లాగ్ ఓడ ఫైట్ల నుంచే పుట్టిన స్కల్ అండ్ బోన్స్‌ని 2017లో ప్రకటించారు, 2024 ఫిబ్రవరిలో విడుదల చేశారు. సముద్రం బాగుంటుంది, ఫిరంగులు బాగా పేలతాయి. కానీ ఎదుటి ఓడ ఎక్కే టైమ్‌కి ఒక చిన్న వీడియో వచ్చి సొత్తు చేతికొస్తుంది. అక్కడ మీరు దూకరు, కత్తి దూయరు. పదకొండేళ్ల ముందు గేమ్‌లో ఆడిన భాగం ఇందులో చూసే భాగం అయింది.

నా ఉద్దేశంలో అసలు నష్టం కత్తి ఫైట్ ఒక్కటే కాదు. తర్వాత మెట్టు లేనప్పుడు మనుషుల్ని తగ్గించాలా, ఓడని కాపాడాలా అన్న ఆలోచనకి అంత విలువ ఉండదు. ఎదుటి ఓడ హెల్త్ తగ్గించడమే పని అవుతుంది. గ్రాఫిక్స్ ఎంత పెరిగినా ఆ లోటు తీరదు.

ఏది ఎక్కడ ఆడాలి?

పాత మంకీ ఐలాండ్ గేమ్ ఫైల్స్ మీ దగ్గరుంటే స్కమ్‌వీఎం అనే ఉచిత యాప్‌తో బడ్జెట్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా నడుస్తాయి. పైరేట్స్! 2004 రీమేక్ పాత ల్యాప్‌టాప్‌కి చాలు. బ్లాక్ ఫ్లాగ్, సీ ఆఫ్ థీవ్స్‌కి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీ లేదా కన్సోల్ ఉంటే మంచిది. ఒక్కటే కొనాలనుకుంటే, ఒంటరిగా ఆడేవాళ్లకి బ్లాక్ ఫ్లాగ్, ముగ్గురు ఫ్రెండ్స్ ఉన్నవాళ్లకి సీ ఆఫ్ థీవ్స్.

కొత్త పైరేట్ గేమ్ ట్రైలర్ వచ్చినప్పుడు అలలు ఎంత బాగున్నాయో కాదు, ఓడలు ఆనుకున్న ఆ క్షణం తర్వాత ఏముందో చూడండి. కంట్రోలర్ ఇంకా మన చేతిలోనే పనిచేస్తుంటే కొనండి. అక్కడ వీడియో మొదలైతే డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి.