ఎగరని స్టంప్

1996 మార్చి 13 రాత్రి సచిన్ ఎలా ఔటయ్యాడని అడిగితే తడుముకోకుండా చెబుతాను: బౌల్డ్. స్టంప్ ఎగిరిపడటం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. స్కోరుకార్డు మాత్రం వేరే మాట అంటోంది. జయసూర్య బౌలింగ్‌లో కలువితరణ స్టంపింగ్, 65 పరుగులు. మరి ఎగరని స్టంప్‌ను నేనెక్కడ చూశాను?

కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్ అది. శ్రీలంక 251 చేసింది. మనవాళ్లు ఒక వికెట్‌కు 98 దాకా నల్లేరు మీద బండిలా సాగి, చూస్తుండగానే 120కి ఎనిమిది వికెట్లు పోగొట్టుకున్నారు. కెప్టెన్ అజహరుద్దీన్, మన హైదరాబాదీ, సున్నాకే వెనుదిరిగాడు. స్టాండ్లలోంచి సీసాలు వచ్చిపడ్డాయి, మంటలు లేచాయి. రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట ఆపించి, మళ్లీ మొదలుపెట్టించబోయి, చివరికి శ్రీలంక గెలిచినట్టు ప్రకటించాడు. 10 పరుగులతో నాటౌట్‌గా మిగిలిన కాంబ్లీ ఏడుస్తూ మైదానం దాటాడు.

ఆ రాత్రి మైదానంలో కొందరికి నిగ్రహం తప్పింది. టీవీల ముందున్న మాకు జ్ఞాపకం గట్టిపడింది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే.

ముందు జ్ఞాపకం సంగతి. కణత లోపల, లోతుగా, బాదంగింజ ఆకారంలో ఒక భాగం ఉంది. పేరు అమిగ్డాలా. దాని పక్కనే హిప్పోక్యాంపస్, జరిగినదాన్ని జ్ఞాపకంగా కట్టే చోటు. భయమో దుఃఖమో పట్టి కుదిపినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, మెదడులో నోరడ్రినలిన్ పెరుగుతాయి. అప్పుడు అమిగ్డాలా పక్కింటిని తట్టి, ‘దీన్ని జాగ్రత్తగా దాచు’ అంటుంది. 1994లో అమెరికాలో కాహిల్, మెక్‌గా బృందం దీన్ని పరీక్షించింది. ఒక పిల్లవాణ్ణి వాహనం గుద్దిన కథను బొమ్మలతో చూపించారు. చూసేవాళ్లలో కొందరికి ముందే ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చారు. బీపీ ఉన్నవాళ్లకు ఈ పేరు కొత్త కాదు, అడ్రినలిన్ దూకుడును అడ్డుకునే మందు. వాళ్లకు కథలో మామూలు భాగాలు అందరిలాగే గుర్తున్నాయి. గుండె ఝల్లుమనే ఘట్టం మాత్రం మిగతావాళ్లకు గుర్తున్నంతగా లేదు.

అయితే ఉద్వేగం నడిమి దృశ్యాన్ని దాచి అంచుల్ని వదిలేస్తుంది. ఆ రోజు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరని మా ఇంట్లో అడిగాను. 66 కొట్టిన అరవింద డిసిల్వా పేరు ఒక్కరికీ తట్టలేదు. ఇలాంటి ఖాళీలను మెదడు ఊరికే వదలదు, తోచినదానితో పూడుస్తుంది. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే, ఆ వార్త ఎక్కడ ఎలా విన్నారో ఉల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత రాయించి పెట్టుకున్నాడు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. వాళ్ల చేతిరాతే చూపించినా పాత సంగతి గుర్తు రాలేదు. నా స్టంప్ కూడా ఆ బాపతే.

ఇక నిగ్రహం. లేచిన చేతిని ఆపేది నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ప్రయోగశాలలో దీన్ని కొలిచే పద్ధతి సులువే: తెర మీద బాణం కనబడగానే మీట నొక్కాలి, బీప్ వినబడితే నొక్కబోతున్న వేలిని ఆపాలి. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ చేసిన పరిశోధనల ప్రకారం, నోరడ్రినలిన్ తగుపాళ్లలో ఉంటే ఈ భాగం చురుగ్గా పనిచేస్తుంది, మితిమీరితే చతికిలబడుతుంది. పగ్గాలు పాత అలవాట్ల చేతికి పోతాయి. కోపంలో నోరు జారేది అందుకే. అమిగ్డాలా దగ్గర జ్ఞాపకాన్ని చెక్కే రసాయనమే ఇక్కడ బ్రేకును వదులు చేస్తోందన్నమాట.

అలాగని ఆ రాత్రి గొడవనంతా రసాయనాల ఖాతాలో వేసేయలేం. సుమారు లక్ష మందిలో సీసా విసిరినవాళ్లు కొందరే. గుంపులో మొహం కనబడదన్న ధీమా, పక్కవాడు విసిరాడన్న అండ కూడా లెక్కలోకి వస్తాయి.

ఉద్వేగం ఉన్నంత మాత్రాన బ్రేకు తెగాలనీ లేదు. ఐదేళ్ల తర్వాత, 2001 మార్చి 14న, అదే ఈడెన్‌లో ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా వికెట్ పడకుండా నిలబడ్డారు. లక్ష్మణ్ 281లో 44 ఫోర్లున్నాయి. ఫోర్లు అందరికీ గుర్తే, కొట్టకుండా వదిలేసిన బంతులు ఎవరికి గుర్తు? ఏళ్ల సాధనతో వదలడమే అలవాటైతే, పగ్గాలు అలవాటు చేతికి పోయినా నష్టం లేదు.

చేతికే కాదు, తలపులకూ ఓ బ్రేకుంది. మనసు తనకు గిట్టని కోరికలను లోపలికి తొక్కేయడం గురించి 1921లోనే కలకత్తా డాక్టరు గిరీంద్రశేఖర్ బోస్ పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది అక్కడే మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. ఆయన చెప్పింది మనకు తెలియకుండా జరిగే అణచివేత. కావాలని అణిచినా ఫలితం ఉంటుందని 2001లో ఆండర్సన్, గ్రీన్ ప్రయోగం చేసి చూపించారు. ఒక మాటను పదేపదే తలచుకోకుండా ఆపుకుంటే, తర్వాత అడిగినా అది సరిగా గుర్తు రాలేదు. అక్కడా పనిచేసేది ఆ నుదుటి వెనక భాగమే.

నేనూ ప్రయత్నించాను. స్కోరుకార్డు పక్కన పెట్టుకుని ‘స్టంపింగ్, స్టంపింగ్’ అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. స్టంప్ ఎగిరింది.