ఫిలిము విడిచి డిజిటల్ కెమేరా కొనువారికి

పాత కెమేరా ఉన్న ఇంట సాధారణముగా ఒక రేకు డబ్బా కూడ ఉండును. అందులో పలుచని కాగితపు తొడుగులలో ముక్కలుగా కత్తిరించిన నెగెటివులు ఉండును. తాతగారి షష్టిపూర్తి, పుష్కర స్నానము, పిల్లవాని అక్షరాభ్యాసము అన్నియు అందే ఉండును. ఆ కెమేరా ఆగ్ఫా క్లిక్ 3 కావచ్చును, యాషికా కావచ్చును, నికాన్ ఎఫ్.ఎం.2 కావచ్చును. అది బీరువాలో ఉన్నచోటనే ఉన్నది కాని, రీలు కడిగి ప్రింటు వేయు స్టూడియోలు మన పట్టణములలో మిక్కిలి అరుదైనవి. సెల్‌ఫోను తీయు బొమ్మలతో తృప్తిపడక, కెమేరాను కంటికి ఆనించి బొమ్మ తీయు సుఖమును మరువలేక, డిజిటల్ కెమేరా కొనవలెనని దుకాణమునకు పోవువారు ఇప్పటికిని కలరు. అచట వారికి మొట్టమొదట వినవచ్చునది ఒక అంకె: ఇన్ని మెగాపిక్సెళ్లు. ఆ అంకె ఎంతవరకు పనికివచ్చును, దానికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్నలేవి అను విషయమును నేడు విచారింతము.

ఫిలిము కెమేరా నిజమునకు ఒక చీకటి పెట్టె. ముందు లెన్సు, వెనుక ఫిలిము, నడుమ వెలుతురును కొలతప్రకారము విడిచెడి తలుపు, అంతియే. బొమ్మలోని రంగు, నునుపు, మసక వెలుతురులో చూడగల శక్తి, ఇవి చాలవరకు ఫిలిమునకు చెందిన గుణములు. ఎండలో తీయుటకు 100 వేగముగల రీలును, ఇంటిలోపల తీయుటకు 400 వేగముగల రీలును వేసికొనెడివారము. ఉదకమండలములో తయారైన ‘ఇందు’ రీలైనను, విదేశపు రీలైనను, చౌక కెమేరాలో వేసినను ఖరీదైన దానిలో వేసినను ఆ రీలు ఆ రీలే. నచ్చనిచో మరుసటి మారు వేరొకటి వేయవచ్చును. డిజిటల్ కెమేరాలో ఈ వెసులుబాటు లేదు. ఫిలిము ఉండవలసిన చోట సెన్సారు అనబడు సిలికాన్ ఫలకము శాశ్వతముగా బిగింపబడి యుండును. అనగా డిజిటల్ కెమేరా కొనునపుడు, ఆ కెమేరా బ్రతికియున్నంత కాలమునకు కావలసిన ఫిలిమును మనము ఒక్కసారే కొనుచున్నాము. ఈ సంగతి మనసున నిలిచినచో మిగిలిన ప్రశ్నలు వాటంతట అవియే వరుసలోనికి వచ్చును.

ఈ ఫలకము చరిత్ర మిక్కిలి పొడవైనది కాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అను శాస్త్రజ్ఞులు సి.సి.డి. అను సాధనమును రూపొందించిరి. 2009లో వారికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములో భాగము లభించినది. 1975లో కొడాక్ సంస్థలోని స్టీవెన్ శాసన్ అను ఇంజనీరు అట్టి ఫలకముతో ఒక కెమేరాను కూర్చెను. దాని బొమ్మలో ఉన్నవి 10,000 బిందువులు మాత్రమే. ఒక్క బొమ్మ నమోదగుటకు 23 సెకండ్లు పట్టెడిది. అది నమోదైనది మా రేడియోవారికి చిరపరిచితమైన క్యాసెట్టు టేపుమీదనే! ఆ కెమేరాను చేసిన సంస్థయే ఫిలిము వ్యాపారము క్షీణింపగా 2012లో దివాలా రక్షణ కోరవలసి వచ్చినది.

ఇక ఫలకము నాణ్యమును ఎట్లు తెలిసికొనవలెను? వాకిట వాన కురియుచున్నదనుకొందము. ఆ నీటిని పట్టుటకు గిన్నెలు పరచితిమి. వెలుతురే వాన, ఫలకము వాకిలి, పిక్సెళ్లు గిన్నెలు. వాకిలి పెద్దదైనకొలది దానిపై పడు వాన ఎక్కువ. చిన్న వాకిటనే గిన్నెల సంఖ్య పెంచినంత మాత్రమున వాన పెరుగదు. గిన్నెలు చిన్నవగును, అంతియే. మెగాపిక్సెళ్లు గిన్నెల లెక్క చెప్పును గాని వాకిలి కొలత చెప్పదు.

ఆ కొలతలివి. మన 35 మిల్లీమీటర్ల ఫిలిముపై బొమ్మ పొడవు 36, వెడల్పు 24 మిల్లీమీటర్లు. ఇంతే ఫలకముగల కెమేరాను ఫుల్‌ఫ్రేము అందురు. ఎ.పి.ఎస్.-సి అను తరగతిలో ఫలకము సుమారు 23.5, 15.6 మిల్లీమీటర్లు, వైశాల్యమున ఫిలిములో సగముకంటె తక్కువ. మైక్రో ఫోర్ థర్డ్స్ తరగతిలో 17.3, 13 మిల్లీమీటర్లు. అది నాలుగవ వంతు. జేబులో పట్టు చౌక కెమేరాలలో పెక్కింటికి సుమారు 6.2, 4.6 మిల్లీమీటర్లు మాత్రమే. అది ముప్పదవ వంతు. పట్టపగలు వీటి నడుమ తేడా అంతగా కానరాదు. సాయంకాలము దీపముల వెలుతురులో పెండ్లిపందిట తీసినపుడు తెలియును: చిన్న ఫలకపు బొమ్మలో నీడలయందు ఇసుక చల్లినట్లు రవ్వలు తేలును.

మరి మెగాపిక్సెళ్లు ఎన్ని కావలెను? లెక్క సులభము. మంచి ప్రింటుకు అంగుళమునకు 300 బిందువులు చాలును. ఆల్బములో అంటించు 4, 6 అంగుళముల బొమ్మకు రెండు మెగాపిక్సెళ్లకు కొంచె మెక్కువ చాలును. నేడు సామాన్యమైన 24 మెగాపిక్సెళ్ల కెమేరా బొమ్మను 20 అంగుళముల పొడవు, 13 అంగుళముల వెడల్పున ముద్రింపవచ్చును. ఇంటి గోడకు అంతకంటె పెద్ద పటము కట్టువారు కొలదిమంది. కావున 24 దాటిన అంకెకై అదనముగా సొమ్ము చెల్లించుటకంటె, ఆ సొమ్ము లెన్సుపై పెట్టుట మేలు.

లెన్సు మాట వచ్చినది గనుక, బీరువాలోని పాత లెన్సులను మొదట బయటికి తీయవలెను. నికాన్ సంస్థ 1959లో ప్రవేశపెట్టిన ఎఫ్ మౌంటు అద్దముగల డిజిటల్ కెమేరాలలో కూడ కొనసాగినది. ఐనను చౌకరకపు నికాన్ కెమేరాలలో ఫోకసు మోటారు లేనందున కొన్ని పాత ఆటోఫోకస్ లెన్సులను చేతితోనే త్రిప్పుకొనవలెను. చేతి ఫోకసు లెన్సులకు వాటిలోని మీటరు పనిచేయదు. పెంటాక్స్ వారి 1975 నాటి కె మౌంటు లెన్సులు ఆ సంస్థ డిజిటల్ కెమేరాలకును అమరును. కానన్ సంస్థ 1987లో మౌంటు మార్చినందున, ఎ.ఇ.-1 వంటి కెమేరాల లెన్సులు దాని అద్దపు డిజిటల్ కెమేరాలకు నేరుగా తగులవు. అద్దము లేని మిర్రర్‌లెస్ కెమేరాలలో లెన్సుకును ఫలకమునకును దూరము తక్కువ. కావున తగిన రింగు ఒకటి కొన్నచో పాత లెన్సులు చాలవరకు అమరును, ఫోకసు మాత్రము చేతితోనే. ఇంకొక సంగతి: ఎ.పి.ఎస్.-సి ఫలకముపై 50 మిల్లీమీటర్ల లెన్సు ఫిలిముపై 75 మిల్లీమీటర్ల లెన్సు చూపునంత దృశ్యమునే చూపును. ముఖచిత్రములకు ఇది వరమే. ఇరుకు గదిలో కుటుంబమంతటిని ఒక్క బొమ్మలో ఇముడ్చుట మాత్రము కష్టమగును. లెన్సు దాచి చాలకాలమైనచో దీపమున కెదురుగా పట్టి చూడవలెను. మన కోస్తా తేమకు లోపలి గాజుపై బూజు సాలెగూడువలె పాకి యుండవచ్చును.

తరువాతిది చేతి అలవాటు. షట్టరు వేగమును ఒక చక్రముతోను, ఎపర్చరును లెన్సుమీది ఉంగరముతోను త్రిప్పి అలవాటుపడిన చేయి, మీటలు నొక్కి పట్టికలు వెదకు కెమేరాతో విసుగుచెందును. ఫ్యూజీఫిల్మ్ వారి 2011 నాటి ఎక్స్ 100, నికాన్ వారి 2023 నాటి జెడ్ ఎఫ్ మున్నగునవి పాతకాలపు చక్రములతో వచ్చినవి. సెకండుహ్యాండు అద్దపు డిజిటల్ కెమేరా చౌకగా లభించును; షట్టరు ఇంతవరకు ఎన్నిమారులు కొట్టుకొన్నదో అడిగి తెలిసికొనవలెను. దేనినైనను కొనుటకు ముందు మన మెమొరీ కార్డునే అందులో వేసి, దుకాణములోని మసక మూల నొకదానిని ఫోటో తీసి, ఇంటికి తెచ్చి నెమ్మదిగా చూచుకొనుట మంచిది. పాత ఎఫ్.ఎం.2 బ్యాటరీ లేకున్నను బొమ్మ తీసెడిది, ఇది తీయదు. కావున రెండవ బ్యాటరీ తప్పనిసరి.

బొమ్మ తీయుటలో ఒక్క అలవాటు తలక్రిందులగును. రంగు నెగెటివుపై వెలుతురు కొంత ఎక్కువైనను ప్రింటులో సరిదిద్దవచ్చును. కావున నీడలను చూచి కొలిచెడివారము. డిజిటల్ ఫలకము స్లైడు ఫిలిము వంటిది. వెలుతురు మితిమీరినచోట తెల్లని మచ్చయే మిగులును. తెల్లని పంచె మడతలు ఒకసారి పోయినచో ఏ ఉపాయముచేతను తిరిగిరావు. ఇచట వెలుగులను చూచి కొలువవలెను. నీడలను తరువాత కొంత పైకి తీయవచ్చును. రా అను ఫైలు నెగెటివు వంటిది, జెపెగ్ ఫైలు వేసిన ప్రింటు వంటిది. ముఖ్యమైన సందర్భములలో రెండును భద్రపరచుట ఉచితము.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మిగిలినది. దుకాణదారు దీనిని అడుగడు. తీసిన బొమ్మలు ఎచట ఉండును? మేము మొదటి డిజిటల్ కెమేరా కొన్న కొత్తలో బొమ్మలన్నిటిని ఒకే హార్డుడిస్కులో నింపితిమి. ఒకనాటి ఉదయము అది టకటక చప్పుడుచేసి ఊరకున్నది. బాగుచేయువారు కొందరు చూచి పెదవి విరచిరి. మూడేండ్ల బొమ్మలు, వాటిలో మా అమ్మగారి కడపటి సంక్రాంతి, అందులోనే పోయినవి. మా నాన్నగారు క్లిక్ కెమేరాతో తీసిన అమ్మగారి పడుచుతనపు నెగెటివులు రేకు డబ్బాలో నేటికిని ఉన్నవి. నాలుగు దశాబ్దముల నాటి బొమ్మ మిగిలినది, నిన్నమొన్నటిది మిగులలేదు.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1905లో మరణించెను. ఆయన గాజుపలకల నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. నెగెటివు కంటికి కనబడు వస్తువు; ఎవరును ముట్టకున్నను దశాబ్దములు నిలువగలదు. డిజిటల్ బొమ్మ అట్లు కాదు. దానిని ఎవరైనను కనిపెట్టుకొని యుండవలెను. కొన్ని సంవత్సరముల కొకసారి పాత పెట్టెనుండి కొత్త పెట్టెలోనికి మార్చుచుండవలెను.

దీనికి అనుభవజ్ఞులు చెప్పు సూత్రము చిన్నది: ప్రతి బొమ్మకు మూడు ప్రతులు, అవి రెండు విధములైన సాధనములపై, అందొకటి వేరొక చోట. ఒక ప్రతి కంప్యూటరులోను, ఒకటి విడి డిస్కులోను, మూడవది పొరుగూరి బంధువుల ఇంటనో ఇంటర్నెట్ నిల్వలోనో ఉండవచ్చును. కార్డులోని బొమ్మలను ఆ రాత్రియే ఎక్కించి, తేదీతోను మనుష్యుల పేర్లతోను సంచికలు కట్టవలెను. ఏటేట మేలైన ఏబది బొమ్మలను కాగితముపై ప్రింటు వేయించి, వెనుక పేర్లు వ్రాసి ఆల్బమున పెట్టవలెను. విద్యుత్తు లేకున్నను, కంప్యూటరు లేకున్నను మనుమలు చూడగలిగినది అదియే.

కావున కొనవలసిన సొమ్మును ముందుగానే పంచుకొనుట మంచిది. మొదట ఫలకము, పిదప లెన్సు, ఆ పిదప చేతికి ఒదుగు పెట్టె. వీటితోపాటు అదేనాడు రెండు డిస్కులు. డిస్కులకు సొమ్ము చాలనిచో కెమేరాను ఒక తరగతి తగ్గించుకొనుడు. డిస్కులను మాత్రము మానుకొనవలదు. పాత కెమేరాను అమ్మివేయుటకు తొందరపడనక్కరలేదు. రేకు డబ్బాను మాత్రము ఈ ఆదివారమే తెరచి, ఆ నెగెటివులను తుడిచి, పొడిచోట పెట్టుడు.