కృత్రిమ గోళ్లు: నానబెడితే అరగంట, పీకితే ఆరు నెలలు

సూరత్‌లో నవరాత్రులంటే తొమ్మిది రాత్రుల గర్బా. మరమగ్గాల పని కోసం దశాబ్దాల కిందట తెలంగాణ నుంచి వెళ్లి లింబాయత్, ఉధనా, పాండేసర ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైతే ఆ రోజుల్లోనే బతుకమ్మ కూడా. చనియా చోళీకి, పట్టుచీరకు జోడీగా ఇప్పుడు అతికించుకునే గోళ్లు కూడా వచ్చి చేరాయి. పాండేసర పరిసరాల్లోని వడోద్ లాంటి కార్మిక బస్తీల్లోనూ ఫ్యాన్సీ షాపులో ఒక పెట్టె, చిన్న జిగురు సీసా కొనుక్కుంటే పార్లర్‌కు వెళ్లే పని లేకుండా ఇంట్లోనే పెట్టేసుకోవచ్చు.

ఇబ్బంది దసరా మర్నాడు మొదలవుతుంది. చీరలకు రాళ్లు అతికించే పని, దారాలు కత్తిరించే పని, వంట, అంట్లు... పొడుగాటి గోళ్లతో ఇవేవీ సాగవు. దాంతో చాలామంది ఒక అంచు పట్టుకుని లాగేస్తారు. గోరు ఊడొస్తుంది. దాంతోపాటు అసలు గోటి పైపొర కూడా లేచి వస్తుంది.

నష్టం చేసేది జిగురా, లాగడమా?

ఎక్కువ సందర్భాల్లో లాగడమే. గోరు కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైన పొరల దొంతర. దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. జిగురు పట్టు ఆ పొరల మధ్య ఉండే పట్టు కంటే బలంగా ఉన్నప్పుడు, లాగితే ముందు విడిపోయేది గోటి పొరలే. తెల్లటి మచ్చలు, గరుకుదనం, వేడినీళ్లు తగిలితే జివ్వుమనడం అందుకే.

చర్మానికి గాయమైతే మానుతుంది. గోరు అలా కాదు. మనకు కనిపించే గోటి భాగంలో జీవకణాలు ఉండవు. పాడైన చోట మళ్లీ పొర పుట్టదు, మొదలు నుంచి కొత్త గోరు పెరిగి పాతదాన్ని ముందుకు నెట్టాల్సిందే. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొత్తం గోరు మారడానికి దాదాపు ఆరు నెలలు కావాలి. దసరాకు పీకిన గోరు పూర్తిగా బాగుపడేసరికి ఉగాది వస్తుందన్నమాట. కాలి గోరుకైతే ఏడాది నుంచి ఏడాదిన్నర పట్టవచ్చు.

ఆ జిగురు ఏమిటి?

గోళ్ల జిగురు సయనోయాక్రిలేట్ అనే రసాయనాల కుటుంబానికి చెందింది. విరిగిన వస్తువులు అతికించే ఫెవిక్విక్ కూడా ఈ కుటుంబానిదే. 1942లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురిచూసే భాగాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ దీన్ని చూసింది. తగిలిన ప్రతిదానికీ అతుక్కుంటోందని పక్కన పడేసింది. 1951లో మళ్లీ దానిపై దృష్టి పడింది, 1958లో జిగురుగా మార్కెట్లోకి వచ్చింది.

ఇది గాలిలో, చర్మం మీద ఉండే కొద్దిపాటి తేమ తగలగానే గట్టిపడుతుంది. అలాగని దానికి తిరుగులేదని కాదు. వెచ్చని సబ్బునీళ్లలో ఎక్కువసేపు నానితే పట్టు సడలుతుంది. అసిటోన్‌లో మెత్తబడుతుంది.

ముందు ఏ రకం గోళ్లో తెలుసుకోవాలి

తీసే పద్ధతి పెట్టుకున్న రకాన్ని బట్టి మారుతుంది. పెట్టెలో వచ్చే రెడీమేడ్ ప్లాస్టిక్ గోళ్లను స్టిక్కర్‌తోనో జిగురుతోనో అతికిస్తారు. యాక్రిలిక్ గోళ్లను పార్లర్‌లో పొడి, ద్రవం కలిపి గోటి మీదే కడతారు. జెల్ గోళ్లను పూసి, దీపం కింద పెట్టి గట్టిపరుస్తారు. ఈ జెల్‌లో నానితే ఊడే రకం ఒకటి, అసిటోన్‌కు లొంగని హార్డ్ జెల్ ఇంకొకటి. రెండో రకాన్ని ఫైల్‌తో అరగదీయాలి, అది అనుభవం ఉన్నవారి పని. ఏ రకం పెట్టారో తెలియకపోతే పెట్టిన పార్లర్‌లో అడగడం మేలు.

రెడీమేడ్ గోళ్లు తీయడం ఇలా

వీటికి చాలాసార్లు అసిటోన్ అక్కర్లేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, కాస్త షాంపూ, నాలుగు చుక్కల కొబ్బరి నూనె వేసి 15-20 నిమిషాలు వేళ్లు ముంచాలి. తర్వాత అంచు దగ్గర ఇంకో చుక్క నూనె వేసి, గోరును అటూ ఇటూ పక్కలకు మెల్లగా కదపాలి. పైకి ఎత్తకూడదు. సందు ఏర్పడితే చెక్క పుల్లను పక్క నుంచి జరపవచ్చు. కత్తి, పిన్నీసు, పళ్లు వద్దు. నొప్పి పుట్టిందంటే ఇంకా నానలేదని అర్థం. మళ్లీ ముంచాలి.

జిగురు మరకలు మిగిలితే గోకి తీయాల్సిన పనిలేదు. రోజూ స్నానం, గిన్నెలు తోమడంతోనే కొన్ని రోజుల్లో చాలావరకు రాలిపోతాయి.

యాక్రిలిక్, నానే జెల్ గోళ్లయితే

వీటికి అసిటోన్ కావాలి. ‘నాన్-అసిటోన్’ అని రాసి ఉన్న రిమూవర్ రంగు తీయడానికే సరిపోతుంది. ముందు పొడుగు కత్తిరించి, పైన ఉన్న మెరుపు పొరను ఫైల్‌తో తేలిగ్గా గీయాలి. గోటి చుట్టూ చర్మానికి పెట్రోలియం జెల్లీ దట్టంగా రాయాలి. అసిటోన్‌లో తడిపిన చిన్న దూది ముక్కను గోటి మీదే ఉంచి, రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌తో వేలి కొసను చుట్టాలి. 20-30 నిమిషాల తర్వాత మెత్తబడిన భాగాన్ని చెక్క పుల్లతో తోసి, మిగిలినదానికి మళ్లీ దూది పెట్టాలి. అయ్యాక చేతులు కడిగి నూనె రాయాలి. అసిటోన్ గోటిలోని, చర్మంలోని నూనెను లాగేస్తుంది కాబట్టి నాలుగైదు రోజులు అలా రాస్తూ ఉంటే మంచిది.

ముప్పావుగంటకు కూడా గోరు మెత్తబడకపోతే ఆపేయాలి. అది హార్డ్ జెల్ కావచ్చు, మిథైల్ మెథాక్రిలేట్‌తో కట్టిన గోరు కావచ్చు. చవగ్గా దొరికే ఈ రసాయనం మరీ గట్టిగా ఉంటుంది, అసిటోన్‌కు అంత తేలిగ్గా లొంగదు. గోళ్లు దెబ్బతిన్నాయని, చర్మానికి అలర్జీ వచ్చిందని ఫిర్యాదులు రావడంతో అమెరికా ఎఫ్‌డీఏ 1970ల్లోనే దీనిపై చర్యలు తీసుకుంది.

దీపం ఉన్న ఇంట్లో అసిటోన్

అసలు ప్రమాదం గోటికి కాదు, ఇంటికి. అసిటోన్ సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా మండగల ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే రెండు రెట్లు బరువు. పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. గోళ్లు తీసేవారు కూర్చునేది నేల మీదే. నవరాత్రుల్లో అఖండ దీపం వెలిగేదీ చాలా ఇళ్లలో నేలకు దగ్గర్లోనే. వంట, పూజ, పడక అన్నీ ఒకే గదిలో జరిగే ఇంట్లో గ్యాస్ పొయ్యి కూడా నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది.

పొయ్యి ఆర్పవచ్చు గానీ తొమ్మిది రోజుల దీపాన్ని ఎవరూ ఆర్పరు. కాబట్టి అసిటోనే గది దాటాలి. వరండాలోనో మేడ మీదో, బీడీ, అగరుబత్తి కూడా దగ్గర్లో లేని చోట ఆ పని చేయాలి. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, తొందరగా పని అవుతుందని దాన్ని వేడిచేయకూడదు. వాడిన దూదిని మూత ఉన్న డబ్బాలో వేసి బయట పెట్టాలి. కళ్లజోడు, సెల్‌ఫోన్ కవర్, పని కోసం తెచ్చిన రాళ్ల చీర దగ్గర్లో లేకుండా చూసుకోవాలి. కొన్ని ప్లాస్టిక్‌లను, జిగుళ్లను అసిటోన్ కరిగిస్తుంది.

జిగురుతోనూ ఒక మెలిక ఉంది. పచ్చి జిగురు ఒలికితే దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకూడదు. నూలు తగలగానే అది ఒక్కసారిగా గట్టిపడుతూ చర్మం కాలేంత వేడిని పుట్టిస్తుంది. జిగురు చొక్కా మీద పడితే వెంటనే నీళ్లు పోయాలి.

పిల్లలు, కళ్లు

గోళ్ల జిగురు సీసా కంటి చుక్కల సీసాలా ఉంటుంది. పొరపాటున కంట్లో వేసుకున్న ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రెప్పలు అతుక్కుంటే బలవంతంగా విప్పకూడదు, అసిటోన్ దగ్గరికే తేకూడదు. గోరువెచ్చని నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి కంటి వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

రిమూవర్ కొనేటప్పుడు పేరు చూడాలి. అసిటోనైట్రైల్ అంటే అసిటోన్ కాదు. అది కడుపులోకి వెళ్తే కొన్ని గంటల్లో శరీరంలో సైనైడ్‌గా మారుతుంది. గోళ్లు తీసే ద్రవంలో ఉన్న ఈ రసాయనం తాగి అమెరికాలో 16 నెలల బాబు మరణించినట్లు 1988లో జామా వైద్య పత్రిక ప్రచురించింది. సౌందర్య సాధనాల్లో దీన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. పిల్లలు ఏ రిమూవర్ మింగినా వాంతి చేయించకుండా సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుజరాత్‌లోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ 108 అంబులెన్స్ ఉంది. దిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117.

ఎప్పుడు డాక్టరును కలవాలి?

గోటి పక్కన వాచి, ఎర్రబడి, చీము పడితే అది గోరుచుట్టు. నిమ్మకాయ గుచ్చుకుని కూర్చుంటే తగ్గుతుందనుకోవడం, దాని మీదే కొత్త గోళ్లు అతికించడం గోరుచుట్టు మీద రోకటిపోటే. గోరు ఆకుపచ్చగా మారితే బ్యాక్టీరియా చేరిందని, కింది చర్మం నుంచి విడిపోతే అక్కడ తేమ నిలుస్తోందని అర్థం. షుగర్ ఉన్నవారు చిన్న గాయాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.

వేళ్లకే కాదు, రెప్పల మీద, మెడ మీద దురద, దద్దుర్లు వచ్చినా కారణం గోళ్లే కావచ్చు. యాక్రిలేట్లకు అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఇదే కుటుంబం రసాయనాలను పంటి ఫిల్లింగుల్లో, కీళ్ల ఆపరేషన్లకు వాడే ఎముక సిమెంటులో కూడా వాడతారు. అలర్జీ ఉన్నవారు ఆ చికిత్సలకు ముందు డాక్టరుకు, దంతవైద్యులకు ఆ సంగతి చెప్పాలి.