హస్తవాసి

తెలుగువారి వాడుకలో ‘హస్తవాసి’ అనే చక్కని మాట ఒకటి ఉంది. ఒక వైద్యుడు ఇచ్చిన మందు త్వరగా గుణమిస్తే, ఆయన హస్తవాసి మంచిదని పెద్దలు అంటారు. చేతి చలువ వలననే రోగం నయమైందని వారి విశ్వాసం. కాని కొంచెం లోతుగా పరిశీలిస్తే, హస్తవాసిగా కనిపించే దానిలో అధికభాగం ఏళ్ల తరబడి రోగులను చూడడం వలన అలవడిన అనుభవమే అని బోధపడుతుంది. ఈ అనుభవం కుటుంబ వైద్యుని శ్రమను ఒకవైపు తగ్గిస్తుంది, మరొకవైపు పెంచుతుంది. ఆ సంగతి తెలుసుకోవడం వైద్యులకే కాక రోగులకు కూడా అవసరం.

గుండె, మూత్రపిండాలు మొదలైన ప్రత్యేక విభాగాల నిపుణుల వద్దకు రోగి సాధారణంగా ఒక నిర్ధారణతోనో, పరీక్షల ఫలితాలతోనో వెళతాడు. కుటుంబ వైద్యుని వద్దకు వచ్చేవాడు మాత్రం జ్వరం, నీరసం, కడుపునొప్పి వంటి అస్పష్టమైన బాధతో వస్తాడు. వీనిలో చాలావరకు తమంత తామే తగ్గిపోయేవి. అయితే ఏదో ఒకటి ప్రాణాపాయానికి తొలి సూచన కావచ్చు. ఈ అనిశ్చితియే కుటుంబ వైద్యుని మానసిక ఒత్తిడికి ప్రధాన కారణం. కొత్తగా వృత్తిలో ప్రవేశించిన వైద్యుడు ప్రతి లక్షణాన్నీ శంకిస్తాడు; అవసరానికి మించి పరీక్షలు చేయిస్తాడు; ఇంటికి వెళ్లిన తరువాత కూడా ఆ రోగిని గురించే ఆలోచిస్తాడు. అనుభవజ్ఞుడు ప్రమాద సంకేతాలను త్వరగా గుర్తిస్తాడు. అవి లేనప్పుడు, ఏ మార్పు కనిపిస్తే వెంటనే రావాలో వివరించి, రెండు రోజులు వేచి చూడమని ధైర్యంగా చెప్పగలుగుతాడు.

రోగాన్ని ఎరగడమే కాదు, రోగిని ఎరగడం కూడా అనుభవమే. నార్వేలో జరిగి 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం సుమారు 45 లక్షల మంది వివరాలను పరిశీలించింది. ఏడాది పరిచయం మాత్రమే ఉన్నవారితో పోలిస్తే, 15 ఏళ్లకు పైగా ఒకే కుటుంబ వైద్యుని ఆశ్రయించిన వారిలో వేళకాని వేళ వైద్యానికి పరుగెత్తడం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం, మరణించడం అనే మూడింటి అవకాశమూ సుమారు 25 నుండి 30 శాతం వరకు తక్కువగా ఉన్నట్లు తేలింది. చిరకాల పరిచయం రోగికి రక్ష. వైద్యునికి శ్రమ తగ్గించే సాధనం.

అయితే దీనికి రెండవ పార్శ్వం కూడా ఉంది. హస్తవాసి మంచిదన్న పేరు వచ్చిన కొద్దీ రోగుల వరుస పెరుగుతుంది. క్లిష్టమైన వ్యాధులు ఆయన వద్దకే చేరుతాయి. కుటుంబ కలహాలు, అప్పుల బాధలు కూడా ఆయన చెవిన పడతాయి. వీటన్నిటికీ కావలసిన సమయం మాత్రం ఉండదు. 67 దేశాల సమాచారంతో 2017లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ప్రాథమిక వైద్యుడు రోగికి కేటాయించే సగటు సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు; బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. అంత తక్కువ వ్యవధిలో ఎంతటి అనుభవమైనా అక్కరకు రాదు. విరామంలేని పని వలన కలిగే తీవ్రమైన అలసట, వృత్తిపట్ల విముఖత, సామర్థ్యం తగ్గిందన్న భావన కలిసిన స్థితిని ‘బర్నవుట్’ అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వ్యాధిగా కాక, వృత్తి సంబంధమైన పరిణామంగా నిర్వచించింది. అలసిన వైద్యుడు పొరబడితే నష్టపోయేది రోగియే.

దీనికి ఒక ఉపశమన మార్గాన్ని చూపినవాడు హంగేరీలో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన మైకేల్ బాలింట్. ఆయన 1950వ దశకంలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో సాధారణ వైద్యులను సమావేశపరచి, తమను కలతపెట్టిన రోగులను గురించి పరస్పరం చెప్పుకొనే అవకాశం కల్పించాడు. వైద్యంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే మందు వైద్యుడే అని ఆయన భావన. తన మనస్సులో దాచుకొన్న భారాన్ని తోటివారి ముందు విప్పి చెప్పినప్పుడే వైద్యుడు దాని నుండి పాఠం నేర్చుకోగలడు. ఇటువంటి బృందాలు నేటికీ అనేక దేశాలలో కొనసాగుతున్నాయి.

కావున అనుభవం దానంతట అదే వైద్యుని కాపాడదు. రోగితో మాట్లాడే తీరిక, తోటివారి చేయూత ఉన్నప్పుడే అది వివేకంగా పరిణమిస్తుంది. రోగులు కూడా తమవంతు సహకరించాలి. వీలైనంతవరకు ఒకే వైద్యుని ఆశ్రయించడం, పాత మందుల చీటీలను భద్రపరచడం, ముఖ్యమైన బాధను మొదటే చెప్పడం చిన్న పనులే అయినా ఆయన శ్రమను ఎంతో తగ్గిస్తాయి. మంచి హస్తవాసి వైద్యుని చేతిలో మాత్రమే లేదు. ఆ చేతికి అలసట తీరే అవకాశం కల్పించే సమాజంలో కూడా ఉంది.