మాట పోయినంత మాత్రాన మతి పోలేదు

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషిని చూడవచ్చిన చుట్టాలు ఆయన ఎదుటే, ఆయన అక్కడ లేనట్టుగా మాట్లాడుకుంటారు. "పాపం, ఏమీ తెలియడం లేదు" అంటారు. ఆస్పత్రి ఖర్చులు, పొలం పంపకాలు ఆ మంచం పక్కనే తేలుస్తారు. మెదడు గురించి మనలో పాతుకుపోయిన అపోహల్లో ఇంతగా మనిషిని గాయపరిచేది మరొకటి లేదు.

అపోహ: మాట రాకపోతే తెలివి కూడా పోయినట్టే.

ఎదుటివారి మాట అర్థం కావడానికీ, మన మాట పైకి రావడానికీ మెదడులో ఆధారాలు వేరు. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆస్పత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏది అడిగినా "టాన్" అనే పలికేవాడు. అడిగినది మాత్రం గ్రహించేవాడు, సంఖ్యలను వేళ్లతో చూపేవాడు. అతడు చనిపోయాక పాల్ బ్రోకా అనే వైద్యుడు పరీక్షిస్తే మెదడు ముందుభాగంలో, ఎడమవైపున, కింది అంచు దగ్గర దెబ్బ కనిపించింది. 1874లో కార్ల్ వెర్నికే దీనికి ఎదురు స్థితిని వివరించాడు. ఎడమ చెవికి పైన, కాస్త వెనకగా ఉండే ప్రాంతం దెబ్బతింటే మాట గలగలా వస్తుంది కానీ అర్థం కుదరదు, ఇతరుల మాటా బుర్రకెక్కదు. ఇలాంటివారికి పిచ్చి పట్టిందనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దెబ్బతిన్నది భాష మాత్రమే. స్ట్రోక్ ఒక ప్రాంతం హద్దు చూసుకుని ఆగదు కాబట్టి చాలామందిలో ఈ రెండు ఇబ్బందులూ కొంత కొంత కలిసి ఉంటాయి.

తన పేరు చెప్పలేని మనిషి చిన్నప్పుడు నేర్చిన పాటను మాటలతో సహా పాడడం, ఒకటి నుంచి పది దాకా వరసగా చెప్పడం స్పీచ్ థెరపిస్టులకు కొత్త కాదు. రాగమూ, నోటికి పట్టిన వరసలూ మెదడులో మిగిలిన భాగాల సాయంతో కూడా నడుస్తాయి. ఆ దారినే మాట నేర్పే చికిత్సలూ ఉన్నాయి. ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ చాలా ఉంది. ఒకసారి ఒకే ప్రశ్న అడగాలి. గ్లాసు చూపించి "మంచినీళ్లా నాన్నా?" అనాలి. జవాబుకు ఆగాలి. వాక్యం మనమే పూర్తి చేసేయకూడదు.

అపోహ: ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు.

రెండు అర్ధభాగాలను కలిపే నాడీతంతువుల కట్టను శస్త్రచికిత్సతో వేరుచేసిన రోగులను రోజర్ స్పెర్రీ పరిశీలించాడు, 1981లో నోబెల్ అందుకున్నాడు. రెండు వైపులకూ కొన్ని ప్రత్యేకతలున్నాయని ఆయన చూపించిన మాట నిజమే. దాన్ని పట్టుకుని పిల్లలను "ఎడమ మెదడు", "కుడి మెదడు" అని విడదీయడానికి మాత్రం ఆధారం లేదు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వెయ్యికి పైగా స్కాన్లు చూసినా, ఒక వైపే పెత్తనం చేసే మనుషులు కనబడలేదు. ఎడమచేతి వాటం వారిలోనూ ఎక్కువమందికి భాష ఎడమవైపే ఉంటుంది.

కుడి మెదడు ఏం చేస్తుందో అది దెబ్బతిన్నప్పుడు తెలుస్తుంది. చూపు బాగానే ఉన్నా కొందరికి ఎడమవైపు లోకమే పట్టదు. కుడి చెంపకే గడ్డం గీసుకుంటారు. కంచంలో కుడి సగం తిని ఆపేస్తారు. ఆకలి లేదేమోనని కోడలు కంచం తీసేస్తుంది. అదే కంచాన్ని అటు తిప్పి పెడితే మిగతాదీ తింటారు.

అపోహ: మనం మెదడులో పదో వంతే వాడుతున్నాం.

శరీర బరువులో 2 శాతం ఉండే మెదడు ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం ఖర్చు చేస్తుంది. వాడని తొంభై శాతాన్ని పోషించడానికి కాదుగదా! బఠాణీ గింజంత చోట రక్తం ఆగినా చెయ్యీ కాలూ పడిపోవచ్చు.

అపోహ: చిన్నమెదడు నడక తూలకుండా చూడడానికే.

బరువులో అది మెదడంతటిలో పదో వంతే. కానీ మొత్తం సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో 6,900 కోట్లు అక్కడే ఉన్నాయని 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నేర్చుకోవడంలో, భాషలో, ఆలోచనలో దాని పాత్ర ఇప్పుడు ఒక్కొక్కటిగా బయటపడుతోంది.

అపోహ: నొప్పి లేదు, కాబట్టి మెదడుకు ఏమీ కాలేదు.

చాలా ప్రాణాలు తీసేది ఇదే. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు, అందుకే రక్తం గడ్డకట్టి వచ్చే స్ట్రోక్ చాలాసార్లు నొప్పి లేకుండానే వస్తుంది. మూతి వంకరపోతుంది, ఒక చెయ్యి జారిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. నరాలు అడ్డం తిరిగి ఉంటాయి గనుక ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి పడుతుంది. పసరు పోయించడానికో, పావురం రక్తం పూయించడానికో ఊళ్లు తిరిగేలోపు సమయం దాటిపోతుంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ తీశాకే. లక్షణం ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. డాక్టరు మొదట అడిగేది ఆ టైమే.