మలుపునందు ఒరగని మంచుబండి

మంచుబండికి ముందు రెండు స్కీలు, వెనుక రబ్బరు పట్టా ఉండును. 1959లో కెనడాదేశమున బొంబార్డియే సంస్థ వెలువరించిన స్కీడూతో ఇట్టి చిన్నబండ్లు ప్రసిద్ధికెక్కెను. వడిగా మలుపు తిరుగునపుడు బరువు వెలుపలి స్కీపైకి పోయి, లోపలి స్కీ మంచును విడిచి లేచును. అదుపు తప్పిన బండి బోల్తాపడవచ్చును.

ఎత్తుగా గడ్డి వేసిన ఇరుకుబండి త్వరగా ఒరుగునని మన రైతులెరుగుదురు. న్యాయమిచటను అదియే. స్కీల నడిమి యెడము పెంచిన ఒరుగుదల తగ్గును. ఇరుప్రక్కల స్ప్రింగుల అమరికను కలుపు అడ్డకడ్డీ గట్టిదైన బండి మరింత సమముగా నిలుచును. పట్టా ముందుభాగము మితిమీరి క్రిందికి దిగకుండ ఆపు పట్టీని కురుచచేసిన స్కీలపై బరువు హెచ్చి, మలుపున పట్టు చిక్కును. అయితే ప్రతి లాభమునకును వెల కలదు: పట్టీ మితిమీరి బిగించిన హ్యాండిలు బరువెక్కి చేతులు అలయును, కడ్డీ మిక్కిలి గట్టిదైన గతుకులందు కుదుపు హెచ్చును. స్కీల అడుగు అంచులు అరిగియున్నచో ఏ సవరణయు చక్కగా ఫలింపదు.

కావున ముందుగా అంచులు చూచి, పిదప ఒక్కొక్క సవరణనే చేసి, ఎరిగిన దారిపై మెల్లగా నడిపి పరీక్షింపవలెను. రెండింటిని ఒక్కమారు మార్చిన ఏది మేలుచేసెనో తెలియదు. తల్లిదండ్రులారా, ఇంట ఆటబండిపై బరువును ఒకమారు ఎత్తుగను, ఒకమారు దిగువగను ఉంచి త్రిప్పి చూపుడు. ఈ సూత్రము పిల్లలకు కన్నులయెదుటనే బోధపడునని మేము విన్నవించుచున్నాము.