ఐరోపా సుస్థిర ప్రగతి: అపోహలు – వాస్తవములు

నేటి తరము తన అవసరములను తీర్చుకొనుచునే, రాబోవు తరములు తమ అవసరములను తీర్చుకొనగల శక్తికి లోటు రానీయకుండుటయే సుస్థిరాభివృద్ధి యని, నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్ అధ్యక్షతన ఏర్పడిన అంతర్జాతీయ సంఘము 1987లో నిర్వచించెను. నిర్వచనము సుబోధమే, కొలతయే కష్టము. ఆ కష్టమును గుర్తింపక, పత్రికలలో కనబడు ర్యాంకులను మాత్రమే చూచి మనము ఐరోపా దేశములను గూర్చి ఏర్పఱచుకొన్న అపోహలు కొన్ని కలవు.

అపోహ: స్థూల దేశీయోత్పత్తి పెరిగినచో దేశము బాగుపడినట్లే.

వాస్తవము: 2015లో ఐర్లండు ఉత్పత్తి ఒక్క యేటిలోనే సుమారు 25 శాతము పెరిగినట్లు లెక్క తేలెను. ఆ యేడు అచట పంటలు ఇబ్బడిముబ్బడి కాలేదు, కూలివాని వేతనము ఆ మేరకు హెచ్చలేదు. బహుళజాతి సంస్థలు కొన్ని తమ మేధోసంపత్తిని పన్ను తక్కువగా నున్న ఆ దేశపు ఖాతాలలోనికి మార్చుకొనుటయే ఆ వృద్ధికి ముఖ్యకారణము. ఇట్టి భ్రమ తొలగుటకై ఐర్లండు గణాంక కార్యాలయము 2017 నుండి సవరించిన స్థూల జాతీయాదాయమను వేఱొక కొలతను ప్రకటించుచున్నది. జాతీయాదాయ గణనకు పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ సైతము, ఆదాయపు అంకెను బట్టి జాతి సంక్షేమమును నిర్ణయింపరాదని 1934లోనే హెచ్చరించియుండెను.

అపోహ: నివేదికలో పైకి చూపు బాణపు గుర్తున్నచో గమ్యము చేరినట్లే.

వాస్తవము: ఐరోపా సమాఖ్య గణాంక సంస్థయగు యూరోస్టాట్, ఐక్యరాజ్యసమితి నిర్దేశించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యములకు సంబంధించిన సుమారు నూఱు సూచికలను పరిశీలించి, 2017 నుండి ఏటేటా నివేదిక వెలువరించుచున్నది. అందలి బాణములు నడకను చూపునే గాని, నడిచిన పిమ్మట ఇంకను మిగిలిన దూరమును చూపవు. సంఖ్యారూపమున లక్ష్యము లేని సూచిక ఏటికి ఒక శాతము చొప్పున సరియైన దిశకు కదలిన చాలును, గణనీయ ప్రగతి యని ముద్ర పడును.

అపోహ: ఐరోపాలో కాలుష్యము తగ్గినదనుట, కర్మాగారములను ఆసియాకు తరలించుట వలన కలిగిన మాయ మాత్రమే.

వాస్తవము: 1990తో పోల్చినచో 2023 నాటికి ఐరోపా సమాఖ్యలో హరితగృహ వాయువుల నికర విడుదల సుమారు 37 శాతము తగ్గగా, స్థూల దేశీయోత్పత్తి మూడింట రెండువంతుల మేర పెరిగెను. బొగ్గు విద్యుత్తు తగ్గి, గాలి నుండియు ఎండ నుండియు తీయు విద్యుత్తు హెచ్చుట ఇందుకొక ముఖ్యకారణము గనుక, తగ్గుదల మాయ కాదు. అయినను ఈ లెక్క సరిహద్దుల లోపల వెలువడిన వాయువులకే పరిమితము. చైనాలో తయారై స్టాక్‌హోమ్ దుకాణమున అమ్ముడుపోవు టెలివిజను తాలూకు పొగ చైనా పద్దున పడునే గాని స్వీడను పద్దున పడదు. అందుచేతనే స్వీడను గణాంక సంస్థ ప్రజల వినియోగమును బట్టి వేఱొక లెక్కయు కట్టుచున్నది; అందు సగమునకు మించిన భాగము విదేశములలో వెలువడినదే.

అపోహ: ర్యాంకులలో ముందున్న ఉత్తరాది దేశములకు ఇక చేయవలసినది లేదు.

వాస్తవము: ఐక్యరాజ్యసమితి లక్ష్యముల సూచికలో 2021 నుండి 2024 వఱకు ఫిన్లండు ప్రథమస్థానమున నిలిచినది, కాని ఫిన్లండు ప్రజలవలె లోకులందఱు జీవించినచో, పర్యావరణ పాదముద్ర లెక్క ప్రకారము మూడు భూగోళములైనను చాలవు. నార్వేలో 2024లో అమ్ముడైన క్రొత్త కార్లలో పదింట తొమ్మిది వఱకు విద్యుత్తుతో నడచునవే. ఆ దేశము ఎగుమతి చేసిన చమురు పరదేశములలో మండి వెలువరించు వాయువులు మాత్రము దాని పద్దున చేరవు.

ర్యాంకు పలు కొలతలను ఒకే అంకెగా కలుపును; కాని కారు వేగమును, మిగిలిన ఇంధనమును కలిపి ఒకే అంకెగా చూపు మీటరు చోదకునకు నిరుపయోగమని, ఆర్థికవేత్తలగు స్టిగ్లిట్జ్, అమర్త్యసేన్, ఫిటూసీలు ఫ్రాన్సు ప్రభుత్వమునకు 2009లో సమర్పించిన నివేదిక తెలిపినది. కావున ఏ దేశపు ర్యాంకు కంటబడినను, అందు లెక్కకు వచ్చినదేమి, లెక్క తప్పినదేమి యని విచారించిన పిమ్మటనే పాఠకులు దానిని ప్రశంసించుటయో, నిందించుటయో ఉచితము.